ముట్టనిచ్చిన సెట్టు

క్రాంతికుమార్ కొత్త డీజే సెట్టు తెచ్చిన రోజున కొబ్బరికాయ కొట్టడానికి వచ్చింది అతని భార్య స్రవంతి. ఆమె కాయ పట్టుకుని సెట్టు దగ్గరికి రాబోతుంటే "గుమ్మం కాడ కొట్టు, గుమ్మం కాడ! నీళ్ళు చిందుతయ్" అని వెనక్కి పంపేశాడు. కుంకుమ బొట్టు పెడతానంటే, సెట్టు వచ్చిన అట్టపెట్టెకు పెట్టమన్నాడు. చివరికి పూలదండ కూడా ఆ ఖాళీ అట్టపెట్టెకే పడింది.

ఆ సెట్టు కోసం అతను చాలా ఏళ్ళు ఎదురుచూశాడు. పాటలు పెట్టే ప్లేయర్లు రెండు, వాటి మధ్యన ఆ పాటల్ని ఒకదాన్లోకి ఒకటి కలిపే మిక్సర్. పెద్ద హోటళ్ళలో, క్లబ్బుల్లో ఉండే రకం. అలాంటివి కిరాయికి తెచ్చి వాయించడం వేరు, సొంతంగా ఉండటం వేరు. కిరాయి సెట్టు మీద చెయ్యి వేసినప్పుడల్లా అతనికి పరాయివాళ్ళింట్లో సోఫా అంచున కూర్చున్నట్టు ఉండేది.

ఫిల్మ్ నగర్‌లో సినిమా బట్టలు కుట్టే టైలర్ షాపు పైన గది ఒకటి తీసుకుని సెట్టును అందులో పెట్టాడు. కింద టైలర్‌తోనే దానికి మెత్తటి నల్లగుడ్డ ముసుగు కుట్టించాడు. గదికి వచ్చినవాళ్ళు అడిగితే ముసుగు తీసి సంతోషంగా చూపించేవాడు. ఎవరైనా వేలు ముందుకు చాపితే మాత్రం "చూస్తె చాలు, ముట్టకుర్రి" అనేవాడు.

అతను నేర్చుకున్నదే ఆ పద్ధతిలో. పెద్దపల్లి దగ్గర ఓదెలు అనే ఆయన దగ్గర పనికి చేరేనాటికి క్రాంతికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు. పెళ్ళిళ్ళకీ గణపతి నిమజ్జనాలకీ స్పీకర్ బాక్సులు మోశాడు, వైర్లు చుట్టాడు, జనరేటర్లో డీజిల్ పోశాడు. ఒక్కసారి మిషన్ మీద చెయ్యి వెయ్యనివ్వమని అడిగితే ఓదెలు "ముందుగాల చూడు. చూసుకుంట ఉంటె అదే వస్తది" అనేవాడు. అలా చూస్తూనే ఏళ్ళు గడిచిపోయాయి. అయినా ఓదెలు మీద క్రాంతికి కోపం లేదు. అంత ఆలస్యంగా చేతికొచ్చింది కాబట్టే దాని విలువ తనకు తెలిసిందనుకునేవాడు.

ఇక భూలక్ష్మి సంగతి. ఆమెను మీరు తెర మీద చూసే ఉంటారు గానీ గుర్తుపట్టరు. హీరో హీరోయిన్ల వెనక మూడో వరుసలోనో నాలుగో వరుసలోనో, అందరూ ఒకే రంగు లంగా ఓణీలు వేసుకుని ఒకేసారి చెయ్యెత్తి ఒకేసారి దించుతారు చూడండి, ఆ గుంపులో ఆమె ఉండేది. వయసులో ఉన్నన్నాళ్ళూ ఆ డాన్సులతోనే గడిచింది. మోకాలు అరిగాక మాస్టర్లు పిలవడం మానేశారు. ఇప్పుడు సంగీత్ చేసుకునే పెళ్ళివారిళ్ళకు వెళ్ళి, పెళ్ళికూతురి పిన్నులకూ మేనత్తలకూ స్టెప్పులు నేర్పుతోంది. జూబ్లీ హిల్స్‌లో ఆమె అడుగుపెట్టని రోడ్డు తక్కువ.

పాటల్ని కత్తిరించి ఒకదానికొకటి అతికించే పని పడితే ఆమె క్రాంతి గదికి వచ్చేది. ఆమె అతన్ని తమ్మీ అనేది, అతను ఆమెను అక్కా అనేవాడు. ఇద్దరికీ మంచి స్నేహం. ఒక మధ్యాహ్నం అలాగే వచ్చి, పని అయిపోయినా లేవకుండా కూర్చుంది.

"నువ్వైతే పాట మంచిగనే కట్ జేసిస్తున్నవ్ తమ్మీ" అంది. "ఫంక్షన్ల ఎవడో డీజే పిలగాడు వస్తడు. పల్లవి కాడ షురూ జేయమంటె చరణం కాడ షురూ జేస్తడు. ఆడ స్టేజీ మీద మేనత్త చెయ్యి లేపి గట్లనే నిలబడ్తది. తప్పు వానిది, మాటలు వడేది నేను."

"నన్ను పిలుమను అక్కా. నేనొస్త."

"అన్నింటికి నువ్వేడ వస్తవ్? నేనే నేర్చుకుంట. నాకు నేర్పు."

క్రాంతి నవ్వాడు. ఆమె నవ్వలేదు. సంచిలోంచి ఫోను తీసి చూపించింది. అందులో ఆప్ ఒకటి వేసుకుంది. తెర మీద రెండు గుండ్రటి పళ్ళేలు తిరుగుతున్నాయి. బొటనవేలితో ఒకదాన్ని ఆపి, రెండోదాన్ని వదిలింది. పాటలు రెండూ కాస్త గుద్దుకుని, తర్వాత కుదురుకున్నాయి.

"ఫోన్ల నేర్చుకున్నది గీడ పనికిరాదక్కా."

"అందుకే గీడ నేర్పమంటున్న."

"ముందు చిన్న సెట్టు కిరాయికి తెచ్చుకో. చిన్న చిన్న ఫంక్షన్లల్ల వాయించు. చెయ్యి కుదిరినంక చూద్దాం."

"చిన్నదాని మీద చెయ్యి కుదుర్తది, సరే. పెద్దింటికి పోతె ఆడ పెద్దదే ఉంటది. గా దినం మొదటిసారి ముడ్తె గంత మంది ముందర వణుక్కుంట నిలబడాల్నా?"

క్రాంతి ముసుగు అంచు సర్దాడు. చివరికి ఉన్నమాటే చెప్పాడు. "ఇది ఖరాబైతే మళ్ళ కొనే తాకత్ నాకు లేదక్కా."

భూలక్ష్మి ముసుగు వేసి ఉన్న సెట్టు వైపు చూసింది. "నిజమే తమ్మీ" అని లేచి వెళ్ళిపోయింది. ఆమె గొడవ పడి ఉంటే అతనికి హాయిగా ఉండేది. నిజమే అనేసి వెళ్ళేసరికి ఏదో గుచ్చుకున్నట్టయింది.

ఆ వారంలోనే జూబ్లీ హిల్స్‌లో పెద్ద సంగీత్ ఒకటి జరిగింది. సినిమాలకు పెట్టుబడులు పెట్టే కుటుంబం వాళ్ళది. ఇంటి పెద్దావిడ సీతామహాలక్ష్మి గారు తన అక్కచెల్లెళ్ళతో కలిసి మనవరాలి కోసం డాన్సు చెయ్యాలని ముచ్చటపడితే, భూలక్ష్మి రోజూ వెళ్ళి ఓపికగా నేర్పింది. డీజే క్రాంతి. ఇంటి ముందు లాన్‌లో, సాయంత్రం ఎండ తగ్గగానే మొదలైంది.

అంతా సాఫీగా సాగుతుండగా పెళ్ళికూతురి అన్న సాయిశ్రీనివాస్ ఒక చేత్తో జ్యూసు గ్లాసు పట్టుకుని క్రాంతి దగ్గరికి వచ్చాడు.

"బ్రో, కాసేపు నేను ప్లే చేస్తా. గోవాలో వర్క్‌షాప్ కూడా చేశాను."

"సార్, సెట్టు నా సొంతది సార్. కొత్తది. జర..."

ఈవెంట్ మేనేజర్ పక్కకు వచ్చి చెవిలో అన్నాడు. "ఇవ్వన్నా, వాళ్ళబ్బాయే. ఇప్పుడు నువ్వు కాదంటే బాగుండదు."

క్రాంతి పక్కకు జరిగాడు. సాయిశ్రీనివాస్ గ్లాసు తీసుకెళ్ళి నేరుగా మిక్సర్ మీద పెట్టాడు. క్రాంతి దాన్ని అందుకుని చేత్తోనే పట్టుకుని నిలబడ్డాడు. కుర్రాడు సౌండు పెంచుతూ పోయాడు. మిక్సర్ మీద ఎర్ర లైట్లు వెలిగాయి, స్పీకర్లు కీచుమన్నాయి. క్రాంతి పళ్ళు బిగించుకున్నాడు. సరిగ్గా అప్పుడే సీతామహాలక్ష్మి గారూ అక్కచెల్లెళ్ళూ స్టేజీ మీదకు వచ్చారు. వాళ్ళ పాట మొదలైంది. అందరూ ఒకేసారి చేతులెత్తారు. సాయిశ్రీనివాస్ తన పెన్‌డ్రైవ్ పెట్టుకోవడానికని నడుస్తున్న పెన్‌డ్రైవ్ లాగేశాడు. పాట టక్కున ఆగిపోయింది. లానంతా నిశ్శబ్దం. చేతులు పైకే ఉండిపోయాయి.

"సారీ అమ్మమ్మా!" అని అరిచాడు కుర్రాడు.

"పర్లేదులేరా నాన్నా, మళ్ళీ పెట్టు" అంది సీతామహాలక్ష్మి గారు. అందరూ పగలబడి నవ్వారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

మర్నాడు భూలక్ష్మి గదికి వచ్చింది. కూర్చోలేదు.

"నిన్న ఆ పిలగాడు తప్పు జేస్తె అందరు నవ్విండ్రు, చూసినవా?"

"చూసిన."

"గదే తప్పు నేను జేసుంటె?"

క్రాంతి చేతిలో ఉన్న వైరు చుట్టడం మొదలుపెట్టాడు.

"వాడు నేర్చుకోకుంటనే ముట్టిండు. నేను నేర్చుకోనీకె ముడ్తనంటె నువ్వు వద్దంటివి. నీ తప్పని అంటలే తమ్మీ, సెట్టు నీది, నీ భయం నీకుంటది. మనసుల వడ్డది, చెప్పిన" అని, వచ్చిన పని చూసుకుని వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం అన్నం తింటూ క్రాంతి ఈ మాటలన్నీ స్రవంతికి చెప్పాడు. ఆమె తనవైపే మాట్లాడుతుందనుకున్నాడు. ఆమె పప్పు వడ్డిస్తూ, "అక్క ఖరాబు జేస్తదని నీ భయమా? లేకుంటె నీ లెక్క బాక్సులు మొయ్యకుంటనే నేర్చేసుకుంటదని కడుపుమంటా?" అంది.

క్రాంతికి చిర్రెత్తుకొచ్చి సగం అన్నంలోనే లేచాడు. కానీ చేతులు కడుక్కుంటూ ఉండగానే, కోపం ఎందుకొచ్చిందో అతనికే తెలిసిపోయింది. ఆమె అన్నది పూర్తిగా నిజం కాదు. అలాగని అబద్ధమూ కాదు.

ఆదివారం పొద్దున్నే భూలక్ష్మికి ఫోన్ చేసి రమ్మన్నాడు.

ఆమె వచ్చి, అతను ముసుగు తీశాక, చేతుల్ని కొంగుకు తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. వేలు బటన్ దాకా తెచ్చి ఆపేసింది.

"ఒత్తక్కా."

"షాకు కొట్టదు గద?"

"ఒత్తు."

మొదట ఆమెకు నేర్పింది పాట పెట్టడం కాదు. కరెంటు స్విచ్చి ఎక్కడుంది, ఏది ముందు ఆపాలి, ఏది తర్వాత తియ్యాలి. "నీళ్ళు వడ్డా, పొగ వచ్చినా, ముందుగాల కరెంటు. అటెన్క నాకు ఫోను. తడిసిందాన్ని మాత్రం మళ్ళ ఆన్ జెయ్యొద్దు, ఎవ్వరు చెప్పినా సరే" అన్నాడు. ఆమె పాఠం అప్పజెప్పినట్టు తిరిగి చెప్పింది.

తర్వాత ఆదివారాల్లో ఆమె చెయ్యని తప్పు లేదు. ఒక పాట నడుస్తుండగా దాన్నే ఆపేసేది. హెడ్‌ఫోన్స్‌లో వినాల్సింది స్పీకర్లలోకి వదిలేసేది. కింద టైలర్ ఉలిక్కిపడి పైకి వచ్చి తొంగిచూసేవాడు. మంచి పాట వస్తే చాలు, చేతులు ఆగిపోయి భుజాలు ఊగేవి. రెండో పాట వదలాల్సిన చోటు దాటిపోయేది. "డాన్సు కాదక్కా, చెయ్యి!" అని క్రాంతి కసిరేవాడు. కానీ తాళం విషయంలో మాత్రం ఆమెకు చెప్పాల్సిన పని ఉండేది కాదు. పెదవులు కదుపుతూ డాన్సు మాస్టర్ల లెక్కలో ఫైవ్ సిక్స్ సెవెన్ ఎయిట్ అని లెక్కపెట్టుకుని వదిలితే, రెండో పాట మొదటిదాని మీద మెత్తగా వచ్చి కూర్చునేది.

అన్నిటికంటే క్రాంతికి వింతగా అనిపించింది వేరే ఉంది. ఆమె అన్ని తప్పులు చేసినా సెట్టుకు ఏమీ కాలేదు. తప్పు బటన్ ఒత్తితే పాట ఆగేది, అంతే. అంత గట్టి సామాను గురించి ఇన్నాళ్ళూ గాజుబొమ్మలా ఎందుకు భయపడ్డానా అనుకున్నాడు.

ఈ సంగతి యూసఫ్‌గూడలో రిపేరు షాపు పెట్టుకున్న నర్సింహకు చెబితే ఆయనకు నచ్చలేదు. "తప్పు జేస్తున్నవ్ క్రాంతీ" అన్నాడు. "రూముల వాయించుడు వేరు, ఫంక్షన్ వేరు. ఆడ చేతులతోని కాదు, బుర్రతోని వాయించాలె. గది రానీకె టైం వడ్తది. అప్పటిదాంక అగ్గువ సెట్టు ఇయ్యి."

క్రాంతి సరేనన్నాడు. నిజంగానే ఇంకొన్నాళ్ళు ఆగుదామనుకున్నాడు. కానీ అనుకున్నట్టు జరగలేదు.

మధురానగర్‌లో మంజులత అనే ఆవిడ కూతురి పెళ్ళికి భూలక్ష్మే డాన్సులు నేర్పింది. పసుపు ఫంక్షన్ రోజు పొద్దున పాటలు కూడా తనే పెడతానని ఒప్పుకుంది. అందుకోసం కిరాయికి తీసుకున్న చిన్న సెట్టు ముందురోజు సాయంత్రం తెచ్చి చూస్తే ఒక పక్క సౌండే రావడం లేదు. క్రాంతికి ఆ రోజు జూబ్లీ హిల్స్‌లో కొత్తగా తెరుస్తున్న రెస్టారెంట్‌లో పని ఉంది. అక్కడ వాళ్ళదే సెట్టు ఉంది కాబట్టి తనది గదిలో ఖాళీగా ఉంటుంది. భూలక్ష్మి అడగలేదు. అతనే అన్నాడు.

"తీస్కపో అక్కా."

"పెద్దదా?"

"మల్ల ఆలోచించేటట్టు జెయ్యకు. తీస్కపో."

పొద్దున్నే వ్యాన్ డ్రైవర్ వీరయ్య సెట్టునూ స్పీకర్లనూ ఎక్కించుకుని వెళ్ళాడు. వ్యాను మలుపు తిరిగేదాకా క్రాంతి రోడ్డు మీదే నిలబడి చూశాడు.

రెస్టారెంట్‌లో రిబ్బన్ కత్తిరించి, అతిథులు కూర్చుంటుండగా జేబులో ఫోను మోగింది. తియ్యలేదు. మళ్ళీ మోగింది. భూలక్ష్మి పేరు చూడగానే పక్కకు వెళ్ళి ఎత్తాడు.

"తమ్మీ" అంది ఆమె. గొంతు పీలగా ఉంది. "సెట్టు మీద పసుపు నీళ్ళు వడ్డయ్. పడంగనే కరెంటు బంద్ జేసిన."

"ఎన్ని నీళ్ళు?"

"చెంబెడు."

తర్వాత ఏం మాట్లాడాడో అతనికి గుర్తులేదు. వరసగా పాటలు పెట్టేసి, మేనేజర్‌కు ఏదో చెప్పి, బైకు తీశాడు. చెక్‌పోస్ట్ దాటి మెట్రో స్తంభాల నీడలో దూసుకుపోయాడు. దారంతా తనను తానే తిట్టుకున్నాడు. నర్సింహన్న చెప్పాడు కదా. ఓదెలు సార్ ఏళ్ళ తరబడి ముట్టనివ్వలేదంటే ఊరికేనా? ఎవరిమీదో జాలిపడి నా పొట్ట మీద నేనే కొట్టుకున్నాను కదా. స్రవంతి మీద కూడా కోపం వచ్చింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పక్కన ఆటో డ్రైవర్ అతని ముఖం చూసి "ఏమైంది భయ్యా, అంతా ఖైరియతేనా?" అని అడిగాడు. అంత తెలిసిపోతోంది.

మంజులత వాళ్ళ ఇంటి వాకిలంతా పసుపు రంగులో ఉంది. ఆవిడ గేటు దగ్గరే ఎదురొచ్చింది.

"సెట్టు మీదేనా అండీ? కాస్త మీరైనా చెప్పండి. తుడిచేశాం, ఆరిపోయింది, ఒక్కసారి ఆన్ చేసి చూడమ్మా అని ఎంతసేపట్నుంచి బతిమాలుతున్నామో! ససేమిరా అంటోంది. మా తమ్ముడు చెయ్యబోతే చేతికి అడ్డం పడింది. చుట్టాలందరూ ఊరికే కూర్చున్నారు."

లోపల, మెట్ల కింద పొడిగా ఉన్న చోట భూలక్ష్మి నిలబడి ఉంది. ఆమె ముందు రెండు స్టూళ్ళ మీద ప్లేయర్లూ మిక్సరూ ఏటవాలుగా వంచి ఉన్నాయి. వైర్లన్నీ తీసేసి ఉన్నాయి. కింద ఆమె తువ్వాలు పరిచి ఉంది. మీద నుంచి టేబుల్ ఫ్యాను తిరుగుతోంది. ఆమె చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి. ముఖంలో మాత్రం రంగు లేదు.

"ఆన్ చెయ్యలే" అంది అతన్ని చూడగానే. "చెయ్యనియ్యలే."

"ఎట్ల వడ్డయ్?"

"నాదే తప్పు తమ్మీ. నువ్వైతే టేబుల్ గోడకు వెడ్తుంటివి. నాకేమొ ఆడోళ్ళ కాళ్ళు కనవడ్తలేవని ముందటికి జరిపిచ్చిన. పెండ్లిపిల్ల మేనమామ చెంబుతోని నీళ్ళు విసిరిండు. ఆమె మీద వడేటివి దీని మీద వడ్డయ్."

క్రాంతి నోట్లోకి చాలా మాటలు వచ్చాయి. ఇంటావిడ వెనకే నిలబడి ఉంది. ఆన్ చెయ్యమని ఇంకా అడుగుతూనే ఉంది. అప్పుడు అతనికి ఒక ఆలోచన వచ్చి ఆ మాటలన్నీ గొంతులోనే ఆగిపోయాయి. ఇక్కడ తను ఉండి, చుట్టాలందరూ చూస్తుండగా ఇంటివాళ్ళు ఇలా తొందరపెడితే, తను ఏం చేసేవాడు? ఇంత అనుభవం ఉంది కదా, ఏమీ కాదులే అని ఒక్కసారి ఆన్ చేసేవాడు. తప్పకుండా చేసేవాడు.

"ఇప్పుడైతే ఫంక్షన్ నడవనియ్యి" అన్నాడు. "స్పీకర్లు తడవలేదు గద?"

"లేదు."

స్పీకర్లకు నేరుగా భూలక్ష్మి ఫోను తగిలించాడు. ఈసారి టేబుల్ గోడకు ఆనించి వేశారు. ఆమె చేతులు కడుక్కుని వచ్చి, ఆప్ తెరిచి, ఆ రెండు చిన్న పళ్ళేల మీద బొటనవేలు పెట్టింది. మొదటి పాట కొంచెం తడబడింది. తర్వాత వాకిలి నిండా మళ్ళీ సందడి మొదలైంది. మంజులత గారి అత్తగారు అమ్మాజీ, డెబ్బై దాటిన మనిషి, అందరికంటే ముందు లేచి ఊగింది.

క్రాంతి అదేమీ నిలబడి చూడలేదు. వీరయ్య వ్యాన్లో సెట్టును పిల్లను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి నర్సింహ షాపుకు తీసుకెళ్ళాడు. నర్సింహ మూతలు విప్పాడు. టార్చి వేసి చూశాడు. లోపల ఒక మూలన పచ్చటి తడి మెరిసింది. క్రాంతి చూపు తిప్పేసుకున్నాడు.

"ఇయ్యాల తుడిచి, మందు కొట్టి ఆరవెడ్త. రేపు మధ్యాహ్నం రా. అప్పటిదాంక ఏం అడుగకు" అన్నాడు నర్సింహ.

ఆ రోజు, మర్నాడు పొద్దున కూడా క్రాంతికి ముద్ద దిగలేదు. స్రవంతి పక్కన కూర్చుంది. ఒకసారి "నేను గట్ల అనకుండ ఉండాల్సింది" అంది. "నువ్వన్నదానికి కాదులే, నేనే ఇచ్చిన" అన్నాడతను. ఆ మాట తన నోటి నుంచి ఎలా వచ్చిందో గానీ, వచ్చాక గుండె కాస్త తేలికపడింది.

మధ్యాహ్నం షాపుకు వెళ్ళేసరికి భూలక్ష్మి అప్పటికే మెట్ల మీద కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చిందో అడగలేదు. ఇద్దరూ లోపలికి వెళ్ళారు. బల్ల మీద సెట్టు మూతలు బిగించి ఉంది. నర్సింహ ప్లగ్గు పెట్టి, స్విచ్చి మీద వేలు ఉంచి, ఒక్క క్షణం ఆగాడు.

ముందు ఎడమ ప్లేయర్ వెలిగింది. తర్వాత కుడిది. మిక్సర్ మీద చిన్న చిన్న లైట్లు వరసగా పాకుతూ వచ్చి ఆకుపచ్చగా నిలబడ్డాయి. నర్సింహ పాట పెట్టి, ప్రతి మీటనూ పైకీ కిందికీ జరిపి, ప్రతి గుండీనీ తిప్పి విన్నాడు. ఎక్కడా గరగర లేదు.

"బతికింది" అన్నాడు. "తడి మీద కరెంటు పోయుంటె బోర్డు మాడిపోతుండె. నాతోని కూడ అయ్యేది కాదు. గీ ఒక్క తెల్ల గుండీకి పసుపు పట్టింది, అది ఇగ పోదు."

క్రాంతి బల్ల అంచు పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు. నిన్నటి నుంచి బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలాడు. వదిలాక మళ్ళీ మళ్ళీ వదిలాడు, ఎంత వదిలినా ఇంకా ఉన్నట్టే ఉంది. కళ్ళు మండాయి. పిచ్చివాడిలా నవ్వొచ్చింది. పక్కకు చూస్తే భూలక్ష్మి గోడ వైపు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. నిన్న అంతమంది ముందు చుక్క కన్నీరు రాల్చని మనిషి.

"ఏడుస్తవేందక్కా, బతికింది గదా!"

"బతికిందనే ఏడుస్తున్న" అంది ఆమె. "రాత్రంతా నీకు ముఖమెట్ల చూపియ్యాల్నని..."

"పోతె పోతుండె తియ్యి, ఏముంది" అన్నాడు క్రాంతి.

అది పచ్చి అబద్ధమని ముగ్గురికీ తెలుసు. నర్సింహే ముందు నవ్వాడు. తర్వాత క్రాంతి, ఆఖరికి ముక్కు తుడుచుకుంటూ భూలక్ష్మి.

"నవ్వుండ్రి గని" అన్నాడు నర్సింహ సామాన్లు సర్దుకుంటూ, "టేబుల్ ఆడ వెట్టుడు తప్పే. ఆమె జల్ది ఆపింది, దానికి శభాష్. తప్పు తప్పే. నా మాట నేను మార్చుకోను."

"మార్చుకోకు అన్నా" అన్నాడు క్రాంతి. అతనికి ఆ క్షణాన ఎవరితోనూ వాదించాలని లేదు. ఓదెలు సార్‌తో కూడా లేదు. వాళ్ళ భయం వాళ్ళది, అందులో న్యాయం ఉంది. తనకు కూడా ఆ భయం పోలేదు. రేపు మళ్ళీ ఎవరి చేతికి ఇచ్చినా, వ్యాను మలుపు తిరిగేదాకా నిన్నటిలాగే రోడ్డు మీద నిలబడి చూస్తాడు. కానీ ఇవ్వకుండా గదిలో ముసుగేసి కూర్చోవడం ఇక తనవల్ల కాదని మాత్రం అతనికి తెలిసిపోయింది.

సెట్టును వ్యాన్లోకి ఎక్కించాక భూలక్ష్మి ఎక్కడ నిలబడాలో తెలియనట్టు ఫుట్‌పాత్ మీద నిలబడింది.

"ఆదివారం వస్తున్నవ్ గదా అక్కా?"

ఆమె అతని ముఖంలోకి చూసింది. "రమ్మంటవా?"

"రా. ఈసారి టేబుల్ యాడ వెయ్యాల్నో నేర్పుత. గది ఒక్కటి మర్చిపోయిన."

ఆమె తలూపి, చెంపలు తుడుచుకుని, మోకాలు పట్టుకుంటూ ఆటో ఎక్కింది. ఆటో కదిలాక తల బయటికి పెట్టి "పొద్దుగాల్నే వస్త!" అని అరిచింది.

క్రాంతి బైకు ఎక్కబోతూ ఆగాడు. వీధి చివర బండి మీద మిరపకాయ బజ్జీలు నూనెలో పొంగుతున్నాయి. ఆ వాసన తగలగానే నిన్న పొద్దుటి నుంచి రాని ఆకలి ఒక్కసారిగా విరుచుకుపడింది. స్రవంతికి ఫోను చేశాడు. ఆమె ఎత్తగానే, ఆమె అడిగేలోపే, "మంచిగైంది, పూరా మంచిగైంది" అన్నాడు. అవతల ముక్కు ఎగపీల్చిన చప్పుడు వినిపించింది.

"బియ్యం పెట్టు" అన్నాడతను. "జర ఎక్కువనే పెట్టు."